ఏసీ రిపేరుకి గ్యారంటీ రాసివ్వడం ఎలా: మెకానిక్కులకి, సర్వీస్ షాపులకి

ఏసీలో గ్యాస్ పెట్రోలు లాగా వాడే కొద్దీ తరిగేది కాదు. ఫ్యాక్టరీలో నింపిన గ్యాసే ఆ ఏసీ ఉన్నన్నాళ్లూ తిరగాలి. తగ్గిందంటే ఎక్కడో లీకవుతోందన్నమాటే. ఇది తెలియని మెకానిక్ లేడు. అయినా మార్చి నెల వచ్చేసరికి ఏం జరుగుతోంది? లీకేజీ వెతక్కుండా సిలిండర్ తగిలించడం, గేజిలో ముల్లు లేచేదాకా గ్యాస్ వదలడం, బిల్లు మీద "30 రోజుల గ్యారంటీ" అని రాసిచ్చి వెళ్లిపోవడం.

ఆ 30 రోజుల విలువెంతో లెక్కేసి చూడండి. 800 గ్రాముల గ్యాస్ పట్టే ఏసీలో వారానికి 10 గ్రాములు లీకవుతోందనుకుందాం. నెల తిరిగేసరికి పోయేది 40 గ్రాములు, అంటే 5 శాతం. గదిలో ఉన్నవాళ్లకి తేడా తెలియదు. మూడు నెలలయ్యేసరికి 120 గ్రాములు దాటుతుంది. అప్పుడు కూలింగ్ కాయిల్ మీద ఓ పక్క మంచు పట్టడం, మధ్యాహ్నం ఎండకి గది చల్లబడకపోవడం మొదలవుతాయి. అప్పటికి గ్యారంటీ తీరిపోయి రెండు నెలలు. అంటే ఆ గ్యారంటీ, తప్పు బయటపడే లోపే అయిపోయేలా రాసిన గ్యారంటీ. కస్టమరు మళ్లీ డబ్బు కడతాడు, ఇంకోసారి ఇంకో మెకానిక్కుని పిలుస్తాడు.

కాబట్టి మొదటి నియమం ఇదే పెట్టుకోండి: చేసిన పనిలో తప్పుంటే అది బయటపడటానికి ఎన్నాళ్లు పడుతుందో, గ్యారంటీ అంతకంటే ఎక్కువ కాలం ఉండాలి. గ్యాస్ పనికి 90 రోజులు కనీసం. 6 నెలలు ఇవ్వగలిగితే అది అసలైన గ్యారంటీ. నవంబరులో చేసిన పనికైతే 6 నెలలు కూడా సగం వృథా, ఎందుకంటే ఏసీ వేసేదే మార్చి నుంచి జూన్ దాకా. చలికాలంలో చేసిన గ్యాస్ పనికి "వచ్చే జూన్ 30 వరకు" అని తేదీ వేసి ఇవ్వడం న్యాయం.

అంత కాలం ధైర్యంగా ఎలా ఇవ్వగలం అంటారా? పరీక్ష చేసినదానికే ఇవ్వండి. పరీక్ష చేయనిదానికి ఒక్క రోజు కూడా ఇవ్వకండి.

దేనికి మాట ఇస్తున్నామో ముందు విడదీయాలి

"ఏసీకి గ్యారంటీ" అని ఎప్పుడూ అనకండి. ఏసీ మీరు తయారుచేసింది కాదు. మీ చేతిలో ఉన్నవి రెండే: మీరు చేసిన పని, మీరు వేసిన పార్టు. పనికి గ్యారంటీ పూర్తిగా మీది. పార్టుకి తయారీ కంపెనీ ఎన్ని నెలలు ఇస్తే అన్ని నెలలు మీరూ ఇవ్వండి. పార్టు పోతే దాన్ని మార్చే కూలీ కూడా ఆ కాలంలో మీరే భరిస్తారని రాయండి. చాలా గొడవలు ఇక్కడే వస్తాయి. కెపాసిటర్ ఫ్రీగా ఇచ్చి, విజిటింగ్ చార్జీ అడిగితే కస్టమరుకి అది మోసంలా కనిపిస్తుంది. అతనిది తప్పని అనలేం.

ఇక మూడోది, మీరు ముట్టుకోని భాగం. దానికి గ్యారంటీ లేదని కూడా రాయాల్సిందే. గ్యాస్ పని చేసిన ఏసీలో నెల తర్వాత పీసీబీ (ఏసీని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు) పోతే "మీరొచ్చి వెళ్లాకే పోయింది" అంటారు. పని మొదలుపెట్టే ముందే ఏసీ ఆన్ చేసి ఫ్యాను తిరుగుతోందా, కంప్రెసర్ స్టార్టవుతోందా, ఎన్ని ఆంప్స్ లాగుతోంది, ఏమైనా ఎర్రర్ కోడ్ ఉందా చూసి, జాబ్ కార్డులో రాసి, కస్టమరు చేత సంతకం పెట్టించుకుంటే ఆ మాట రాదు. అయిదు నిమిషాల పని ఇది.

గ్యాస్ పని: గ్యారంటీ ఇచ్చే స్థాయిలో చేయడం

ఉన్న గ్యాస్ మీద గ్యాస్ నింపడం మానేయాలి. లోపల ఎంత మిగిలిందో తెలియనప్పుడు పైన ఎంత వేయాలో ఎలా తెలుస్తుంది? ప్రెజర్ చూసి నింపితే ఆ రోజు ఎండని బట్టి, ఫిల్టరు దుమ్ముని బట్టి ముల్లు మారిపోతుంది. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగమే మారుతుంటుంది కాబట్టి రన్నింగ్ ప్రెజర్‌ని అసలు నమ్మలేం. ఉన్న గ్యాస్‌ని రికవరీ సిలిండర్‌లోకి తీసుకుని, ఖాళీ చేసి, కొత్తగా తూకం వేసి నింపడమే పద్ధతి. ఆర్32 మండే గుణం ఉన్న గ్యాస్. తలుపులు మూసిన గదిలో వదలకూడదు. లైన్ ఖాళీ చేసి నైట్రోజన్‌తో కడగనిదే బ్రేజింగ్ (రాగి పైపుల్ని కరిగించిన లోహంతో అతకడం) టార్చి వెలిగించకూడదు.

తర్వాత నైట్రోజన్ నింపి లీకేజీ పట్టే పరీక్ష. రెగ్యులేటర్ పెట్టి మెల్లగా ముందు 50 పీఎస్ఐ (ఒత్తిడి కొలత), ఆ తర్వాత 150, చివరికి 300 దాకా ఎక్కించండి. నేమ్‌ప్లేట్ మీద రాసిన లో-సైడ్ (తక్కువ ఒత్తిడి వైపు) పరిమితి అంతకంటే తక్కువుంటే అక్కడే ఆపండి. ఆక్సిజన్ సిలిండర్ మాత్రం ఈ పనికి ఎప్పుడూ తగిలించవద్దు. కంప్రెసర్ ఆయిల్, ఒత్తిడి మీదున్న ఆక్సిజన్ కలిస్తే పేలుతుంది. ఈ ఒక్క తప్పుకి మెకానిక్కులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ప్రెజర్ ఎక్కాక సబ్బు నురగ రాయాల్సిన చోట్లు వరసగా చెబుతాను: ఇండోర్ దగ్గర రెండు ఫ్లేర్ నట్లు (గరాటులా విప్పార్చిన పైపు చివరని, అంటే ఫ్లేర్‌ని, పట్టి బిగించే నట్లు), అవుట్‌డోర్ దగ్గర రెండు, సర్వీస్ వాల్వు పిన్ను, వాల్వు క్యాపులు, బ్రేజింగ్ చేసిన ప్రతి జాయింటు, కూలింగ్ కాయిల్ యూ-బెండ్లు. సర్వీస్ వాల్వు పిన్నుని చాలామంది మర్చిపోతారు. చార్జింగ్ హోస్ తీశాక ఆ పిన్ను మీద ఒక చుక్క నురగ వేసి 2 నిమిషాలు చూడండి. సన్నటి బుడగ ఒకటి మెల్లగా ఉబ్బుతుంటే, వారానికి 10 గ్రాముల దొంగ అక్కడే ఉన్నాడు. పిన్ను మార్చాలి, ఇత్తడి క్యాపు బిగించాలి. క్యాపు లేని వాల్వుకి గ్యారంటీ ఇవ్వకండి.

నురగలో ఏమీ కనబడకపోయినా గేజి మీద కనీసం గంట ఉంచాలి. ఇక్కడ ఉష్ణోగ్రత లెక్క తెలియకపోతే మోసపోతాం. 300 పీఎస్ఐ దగ్గర ఉన్న నైట్రోజన్, 1 డిగ్రీ చల్లబడితే సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. మిట్టమధ్యాహ్నం 40 డిగ్రీల్లో 300 పెట్టి, రాత్రి 30 డిగ్రీల్లో చూస్తే 290 ఉంటుంది. అది లీకేజీ కాదు. అలాగే పొద్దున చల్లగా ఉన్నప్పుడు పెట్టి, మధ్యాహ్నం చూసి "ముల్లు తగ్గలేదు" అని సంబరపడితే, అసలు పెరగాల్సిన ముల్లు పెరగలేదన్న సంగతి కళ్లబడదు. పెట్టినప్పటి ఉష్ణోగ్రత, చూసినప్పటి ఉష్ణోగ్రత రెండూ కార్డులో రాయండి.

లీకేజీ దొరికి బ్రేజింగ్ చేస్తున్నప్పుడు పైపు లోపల నైట్రోజన్‌ని 2-3 పీఎస్ఐతో మెల్లగా పారనివ్వాలి. లేకపోతే రాగి లోపలి వైపు నల్లటి పెచ్చు కడుతుంది. ఆ రోజు కూలింగ్ బాగానే ఉంటుంది. కొన్ని వారాలకి ఆ పెచ్చు ఊడి క్యాపిల్లరీ అనే సన్నటి గొట్టంలోనో, ఎక్స్‌పాన్షన్ వాల్వులోనో చిక్కుకుంటుంది. మళ్లీ ఫోన్ వస్తుంది, "గ్యాస్ అయిపోయినట్టుంది" అని. గ్యాస్ సరిగ్గానే ఉంటుంది, దారి మూసుకుపోయి ఉంటుంది.

లోపలి గాలి, తేమ లాగేసే వాక్యూమ్‌కి పంపు తప్పనిసరి. ఏసీలోని గ్యాస్‌నే కొంచెం వదిలి గాలి బయటికి తోసేశామనుకోవడం వల్ల లోపల తేమ పోదు. ఆర్32, ఆర్410ఏ గ్యాస్‌ల ఏసీల్లో వాడే ఆయిల్ తేమని పీల్చుకుంటుంది, ఆమ్లం తయారవుతుంది, నెలలు గడిచాక కంప్రెసర్ వైండింగ్ కాలిపోతుంది. మానిఫోల్డ్ గేజిలో ముల్లు మైనస్ 30 దగ్గరికి వచ్చిందంటే పని అయినట్టు కాదు. 30 డిగ్రీల వేడిలో నీరు మరిగి ఆవిరవ్వాలంటేనే ప్రెజర్ దాదాపు 32,000 మైక్రాన్లకి (వాక్యూమ్ కొలిచే చిన్న ప్రమాణం) దిగాలి. అక్కడికీ, 500 మైక్రాన్లకీ ఉన్న తేడా ఆ ముల్లు మీద కంటికి ఆనదు. అందుకే మైక్రాన్ గేజి కొనుక్కోవాలి. 500 కిందికి దించి, పంపు వాల్వు మూసి, 10 నిమిషాలు చూడండి. అంకె కొంచెం పెరిగి ఒక చోట నిలబడితే లోపల ఇంకా తేమ ఉందని, ఇంకాసేపు పంపు నడపాలని. ఆగకుండా పెరుగుతూనే పోతే లీకేజీ ఇంకా ఉందని. 500 దగ్గర దాదాపు కదలకుండా ఉంటే, అప్పుడు మీరు 6 నెలల మాట ఇవ్వొచ్చు.

చివరికి తూకం. నేమ్‌ప్లేట్ మీద ఎన్ని గ్రాములు రాసుంటే అన్నే, 5 గ్రాముల తేడా చూపే ఎలక్ట్రానిక్ కాటా మీద. పైపు కంపెనీ చెప్పిన పొడవు కంటే ఎక్కువుంటే అదనంగా వేయాలి. పావు ఇంచి లిక్విడ్ పైపుకి చాలా మోడళ్లలో అది మీటరుకి 15-20 గ్రాములు. ఆ మోడల్ మాన్యువల్ చూసి వేయండి.

కాయిల్‌కే చిల్లు పడితే సంగతి వేరు. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ లాంటి చోట్ల, మురుగు కాలువల పక్కన ఉన్న ఇళ్లలో రాగి కాయిల్ ఒక్క చోట కాదు, పది చోట్ల తినేసి ఉంటుంది. ఒక చిల్లు మూస్తే పక్కది తెరుచుకుంటుంది. ఇలాంటి కాయిల్‌కి అతుకు వేసి గ్యారంటీ రాయకండి. కస్టమరుకి చిల్లు చూపించి, కాయిల్ మారిస్తే ఎంతవుతుందో చెప్పండి. ఆయన "ఈ ఎండాకాలం గడిస్తే చాలు" అంటే అతుకు వేసి, బిల్లు మీద "ఈ ఒక్క జాయింటుకే గ్యారంటీ, కాయిల్‌కి లేదు" అని రాయండి. కాయిల్ చూపించి చెప్పాక అలా రాస్తే ఎవరూ కోప్పడరు. చెప్పకుండా రాస్తేనే కోపం.

ఫిట్టింగ్, షిఫ్టింగ్

ఇల్లు మారినప్పుడు ఏసీ విప్పి బిగించే పనుల్లో రిపీట్ కంప్లయింట్లు ఎక్కువ. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, పాత ఫ్లేర్‌నే మళ్లీ బిగించడం. ఒకసారి నట్టు కింద నలిగిన రాగి మళ్లీ సరిగ్గా కూర్చోదు. రెండు వైపులా కోసి కొత్త ఫ్లేర్ వేయాలి. రీమర్ (కోసిన పైపు అంచుని నునుపు చేసే పనిముట్టు) తిప్పేటప్పుడు పైపు నోరు కిందికి పెట్టండి, రజను లోపలికి పడదు. ఫ్లేర్ వెనక రెండు చుక్కలు కంప్రెసర్ ఆయిల్ రాసి, నట్టుని ముందు చేత్తో పూర్తిగా తిప్పి, తర్వాత టార్క్ రెంచితో బిగించాలి. పావు ఇంచికి 14-18 న్యూటన్ మీటర్లు, 3/8 ఇంచికి 33-42, అర ఇంచికి సుమారు 50-60. "గట్టిగా బిగించాను" అన్నది కొలత కాదు. ఎక్కువ బిగిస్తే ఫ్లేర్ పగులుతుంది, ఆ పగులు కొన్ని నెలల వైబ్రేషన్ తర్వాత గానీ తెరుచుకోదు. ఇలా కొలిచి బిగించిన ఫిట్టింగ్‌కి ఏడాది గ్యారంటీ ఇవ్వడానికి వెనకాడక్కర్లేదు.

చిన్న పనులు

కెపాసిటర్ మార్చినప్పుడు దాని మీద ముద్రించిన మైక్రోఫ్యారడ్ విలువ, మీటరులో వచ్చిన విలువ రెండూ రాయండి. 5 శాతం మించి తేడా ఉంటే కొత్తదైనా వేయకండి. ఇండోర్ నుంచి నీళ్లు కారడం అన్న కంప్లయింటుకి డ్రెయిన్ ఊది వదిలేయకుండా, ట్రేలో 1 లీటరు నీళ్లు పోసి అన్నీ బయటికి వచ్చాయో లేదో చూస్తే 30 రోజుల గ్యారంటీ చాలు. అంతకు మించి ఇవ్వలేం, పైపులో నాచు, పురుగులు మళ్లీ చేరతాయి.

పీసీబీ రిపేరు కష్టమైనది. కాలిన పార్టు మార్చగలం గానీ, కాలిన కారణం బోర్డు బయట ఉండొచ్చు. అవుట్‌డోర్ బోర్డు మీద బల్లి పడి షార్టవడం మన దగ్గర మామూలు. వోల్టేజి ఎగిరిపడే వీధిలో స్టెబిలైజర్ లేకుండా నడిపినా అంతే. కారణం దొరికి, దాన్ని సరిచేస్తేనే (కేబుల్ దూరే రంధ్రం మూయడం, స్టెబిలైజర్ పెట్టించడం) 90 రోజులు రాయండి. కారణం తేలకపోతే 15 రోజులే అని చెప్పి, కొత్త బోర్డు ధర కూడా చెప్పండి.

కాగితం మీద ఏం రాయాలి

కార్బన్ కాపీ బిల్లు బుక్కు చాలు. రాసే పద్ధతి ఇలా ఉండాలి:

"12-03-న చేసిన పని: అవుట్‌డోర్ గ్యాస్ వాల్వు దగ్గర ఫ్లేర్ లీకేజీ. కొత్త ఫ్లేర్ వేశాం. నైట్రోజన్ 300 పీఎస్ఐ, 1 గంట, పెట్టినప్పుడూ చూసినప్పుడూ 34 డిగ్రీలు, తగ్గలేదు. వాక్యూమ్ 450 మైక్రాన్లు, 10 నిమిషాలకి 480. ఆర్32 గ్యాస్ 800 గ్రాములు. గ్యారంటీ: 11-09 వరకు గ్యాస్ తగ్గితే విజిటింగ్ చార్జీ, కూలీ, గ్యాస్ ఏదీ తీసుకోం. కాయిల్‌లో కొత్తగా చిల్లు పడితే, ఏసీ వేరే చోటికి మారిస్తే, వేరేవాళ్లు లైన్ విప్పితే ఇది వర్తించదు. ఫోన్ చేసిన 48 గంటల్లో వస్తాం."

"షరతులు వర్తిస్తాయి" అని మాత్రం రాయకండి. ఏ షరతులో చెప్పకుండా అలా రాయడమంటే తర్వాత ఏదో ఒకటి కల్పించుకోవడానికి తలుపు తెరిచి పెట్టుకోవడమే. మినహాయింపులు మూడు నాలుగు మించకూడదు, కస్టమరు చదివి అర్థం చేసుకునే మాటల్లో ఉండాలి. నైట్రోజన్ గేజి, మైక్రాన్ గేజి, కాటా, ఈ మూడింటి ఫొటోలు అక్కడికక్కడే కస్టమరు వాట్సాప్‌కి పంపండి. గ్యారంటీ రుజువు ఆయన ఫోన్లో ఉంటుంది, మీ ఫోన్లోనూ ఉంటుంది.

గ్యారంటీ రాయకపోతే బాధ్యత ఉండదనుకోవడం పొరపాటు. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు తీసుకుని చేసిన పనిలో లోపం ఉంటే, మీరు కాగితం ఇచ్చినా ఇవ్వకపోయినా, కస్టమరు రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. 5 లక్షల లోపు పనికి ఆయన ఫీజు కూడా కట్టక్కర్లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేసినా ఫిర్యాదు తీసుకుంటారు. బిల్లు ఇవ్వకపోవడమే ఈ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి కింద లెక్క. లోపం ఉన్న సేవకి డబ్బు వెనక్కివ్వాల్సి వస్తే బిల్లు మీద గడువు రాసుంటే ఆ గడువు, రాయకపోతే 30 రోజులు. అంటే బాధ్యత ఎలాగూ ఉంది. రాసిస్తే దాని హద్దులు మీరే గీసుకున్నవాళ్లవుతారు.

ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది

పోయిన ఏడాది బిల్లులు తీసి, చివరి 100 గ్యాస్ పనుల్లో ఎన్నింటికి మళ్లీ వెళ్లారో లెక్కపెట్టండి. 8 అనుకుందాం. ఒక్కో రిపీట్‌కి సగం రోజు, పెట్రోలు, గ్యాస్ కలిపి 1,500 రూపాయలు పోతుందనుకుంటే మొత్తం 12,000. ఒక్కో పని మీద 120 రూపాయలు. గ్యారంటీకి అసలు ధర అదీ. రేటులో 150 కలుపుకుని, పక్క షాపు కంటే ఎందుకు ఎక్కువో అడిగిన కస్టమరుకి బిల్లు మీద ఆ పరీక్షల వరస చూపించండి. పరీక్షలకి గంటన్నర, రెండు గంటలు ఎక్కువ పడుతుంది, అది నిజం. మే నెలలో రోజుకి 6 పనులు చేసే చోట 4 చేస్తారు. ఆ సమయానికి కూడా రేటు కట్టుకోండి, సిగ్గుపడక్కర్లేదు.

తక్కువ రేటుకి గ్యాస్ మాత్రం నింపి పొమ్మనే కస్టమర్లూ ఉంటారు. చేయాల్సి వస్తే బిల్లు మీద "లీకేజీ వెతకలేదు, గ్యారంటీ లేదు" అని పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి. ఆ వాక్యం చదివాక సగం మంది లీకేజీ వెతకమనే అంటారు.

ఫోన్ వచ్చినప్పుడు

ముందు బిల్లు నంబరు అడిగి కార్డు తీయండి. "ఫిల్టరు కడిగారా" అని ఫోన్లోనే వాదన మొదలుపెట్టకండి. చెప్పిన 48 గంటల్లో వెళ్లండి. వెళ్లాక ఫిల్టరు, అవుట్‌డోర్ ఫ్యాను, వోల్టేజి, ఆ తర్వాతే గ్యాస్, ఈ వరసలో చూడండి. తప్పు మీది కాకపోతే కస్టమరుకి చూపించి, రేటు చెప్పి, ఒప్పుకుంటేనే చేయండి. ఆ మొదటి విజిట్‌కి మాత్రం డబ్బు తీసుకోకండి. తప్పు మీదైతే వాదన లేకుండా మళ్లీ చేయండి. ఒకే లీకేజీకి రెండోసారీ వెళ్లాల్సి వస్తే డబ్బు వెనక్కిచ్చేయండి. మూడోసారి ప్రయత్నించడం వల్ల కస్టమరు నమ్మకం తిరిగి రాదు, మీ రోజూ పోతుంది.

రిపీట్ వచ్చినందుకు కుర్రాడి జీతంలో కోత వేసే అలవాటు కొన్ని షాపుల్లో ఉంది. అది వెంటనే మానేయాలి. కోత భయంతో కుర్రాళ్లు రిపీట్‌ని దాచిపెట్టి, ఆదివారం సొంతంగా వెళ్లి పైన గ్యాస్ కొట్టి వస్తారు. షాపుకి తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తెలియదు. దాని బదులు ఒక రిజిస్టరు పెట్టండి: తేదీ, పాత బిల్లు నంబరు, ఎవరు చేశారు, లీకేజీ ఎక్కడ దొరికింది, ఏ పరీక్ష వదిలేశారు. రెండు నెలలకోసారి ఆ పేజీలు తిరగేస్తే, ఒకరికి ఫ్లేర్ నేర్పాలా, పాత ఫ్లేరింగ్ టూల్ మార్చాలా, ఏ దుకాణంలో కొన్న వాల్వు పిన్నులు కారుతున్నాయో ఆ వరసల్లోనే కనిపిస్తుంది.